నడుం ఆపరేషనా? ముందు ఈ కండ సంగతి తెలుసుకోండి!

వానలు పడగానే వరినాట్లు, దసరా దాటితే పత్తి తీత, సంక్రాంతి తర్వాత మిరప కోతలు, ఎండలు ముదిరేసరికి ఇప్పపువ్వు, తునికాకు. గోదావరికి ఈ ఒడ్డున, బూర్గంపాడు చుట్టుపక్కల ఊళ్ళల్లో ఆడవాళ్ళ ఏడాది ఇలా తిరుగుతుంది. పత్తిచేలో కాసేపు నిలబడి చేయొచ్చేమో గానీ, మిగతావన్నీ నడుం వంచితే తప్ప సాగని పనులే. తునికాకు సంగతే చూడండి. కొమ్మలు కొట్టిన మోళ్ళకి మోకాలెత్తున వచ్చిన లేత ఆకు కోయాలి, యాభై ఆకులకో కట్ట కట్టాలి, పొద్దు వాలేలోగా మూట నెత్తిన పెట్టుకుని కల్లానికి చేర్చాలి. ఆ రోజు ఎన్నిసార్లు వంగి లేచిందో లెక్కపెట్టే ఓపిక ఎవరికుంటుంది?

పొలం పని లేని ఇల్లాలికి మాత్రం తక్కువా? సారపాక కాగితం మిల్లు క్వార్టర్లో ఉన్నా, వంతెన దాటి భద్రాచలంలో అద్దెయింట్లో ఉన్నా గ్యాస్ బండ జరపాలి, బిందె ఎత్తాలి, ఇల్లంతా తడిగుడ్డ పెట్టాలి. చంకలో పిల్లాడు ఉండగానే పొంగుతున్న పాలగిన్నె దించాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2020లో ప్రపంచం మొత్తం మీద 61.9 కోట్ల మందికి నడుంనొప్పి ఉంది. అందులో మగవాళ్ళకన్నా ఆడవాళ్ళే ఎక్కువ. ఆశ్చర్యమేముంది!

నొప్పి ముదిరి, కాల్లోకి లాగి, స్కాన్ దాకా వెళ్ళి, “డిస్కు జారింది, ఆపరేషన్ చేయాల్సి రావచ్చు” అన్న మాట చెవిన పడిందనుకోండి. ఇంట్లో వెంటనే రెండు పార్టీలు తయారవుతాయి. “నడుం మీద కత్తి పడితే ఇక మంచమే గతి” అని అత్తగారు. “ఈ రోజుల్లో అదేం లేదు వదినా, రెండ్రోజుల్లో ఇంటికొచ్చేస్తావ్” అని పట్నంలో ఉండే మరిది. ఇద్దరూ ఎముక గురించి, డిస్కు గురించి, నరం గురించి మాట్లాడతారు. వీటన్నిటినీ పట్టుకుని కూర్చున్న ఒక కండ ఉంది. దాని ఊసు మాత్రం ఎవరూ ఎత్తరు. ఆపరేషన్ బాగా జరిగాక కూడా కొందరికి నడుం కుదుటపడకపోవడంలో ఆ కండ పాత్ర తక్కువేం కాదు.

వెన్నుముక్కకి అంటుకున్న మాంసం

(శాకాహారులు ఈ ఒక్క పేరా దాటెయ్యండి.) వేటమాంసం వండే ఇల్లాలికి వెన్నుముక్క సంగతి ఒకరు చెప్పక్కర్లేదు. ఎముకకి అటూ ఇటూ పొడుగ్గా, లావుగా ఉండే మాంసం కత్తి పెడితే సులువుగా ఊడి వస్తుంది. పొట్ట వైపు నుంచి చూస్తే మరీ మెత్తటి మాంసం ఇంకోటి ఉంటుంది. ఇవి పోగా, ఎముక ముల్లుకీ రెక్కకీ మధ్య మూలల్లో ఇరుక్కున్న చిన్న చిన్న ముక్కలు మాత్రం కత్తికి లొంగవు. వాటిని పళ్ళతో లాక్కుని, జుర్రుకుని తినాల్సిందే. మనం చెప్పుకోబోయే కండ ఎక్కువ భాగం ఆ మూలల్లోదే.

మన నడుంలోనూ ఏర్పాటు అదే. నడుం భాగంలో వెన్నుపూసలు ఐదు. స్కాన్ కాగితాల మీద ఎల్1 నుంచి ఎల్5 దాకా రాసేవి ఇవే. ఐదో పూస కింద త్రికం, అంటే ఎస్1, మొదలవుతుంది. నిలబడి రెండు బొటనవేళ్ళూ వెన్నెముకకి అటూ ఇటూ పెట్టి కొంచెం ముందుకు వంగి చూడండి. తాళ్ళలా బిగుసుకునే రెండు దిమ్మలు తగులుతాయి. అవి పై వరస కండలు. వీటిలో వెన్నెముకకి దగ్గరగా ఉండేది లాంజిసిమస్, పక్కటెముకల వైపు ఉండేది ఇలియోకోస్టాలిస్. వంగిన మనిషిని లేపి నిలబెట్టే బరువు పని వీటిది. నడుం పక్కన, కింది పక్కటెముకకీ తుంటి ఎముకకీ మధ్య క్వాడ్రాటస్ లంబోరం అనే పలక కండ ఉంటుంది. ఎడమ చంకన బిందె పెట్టుకుంటే కుడివైపు బిగుసుకునేది ప్రధానంగా ఇదే. లోపల, పొట్ట వైపున, తొడని పైకెత్తే సోయాస్. వీపు కండలన్నిటి మీదా తెల్లటి దళసరి పొర పరుచుకుని పొట్ట కండల దాకా వెళ్ళి కలుస్తుంది. మన పెద్దవాళ్ళు బాలింతకి గుడ్డతో కట్టే నడికట్టు లాంటిది, పుట్టుకతోనే లోపల ఒకటుందన్నమాట.

ఇక అసలు కండ. దాని పేరు మల్టిఫిడస్. పలు చీలికలున్నది అని అర్థం. ఒక్కో పూస వెనక ముల్లు దగ్గర మొదలై, రెండు నుంచి ఐదు పూసల కిందకి ఏటవాలుగా దిగి అతుక్కునే చిన్న చిన్న పాయల గుత్తి ఇది. నడుం కింది భాగంలో, త్రికం మీద లావుగా ఉంటుంది. పట్టుచీర కట్టేటప్పుడు కుచ్చిళ్ళు ఎంత చక్కగా పెట్టినా పిన్ను పెట్టకపోతే నాలుగడుగులకే జారిపోతాయి కదా! పై వరస కండలు చీరని బిగించి లాగే చెయ్యి అయితే, మల్టిఫిడస్ ఒక్కో కుచ్చిని పట్టి ఉంచే పిన్ను. పూస మీద పూస జారకుండా, మెలిక పడకుండా మనం అనుకోకముందే బిగుసుకుంటుంది.

ఒక్కటే కాలువ

ఈ కండకి ఒక బలహీనత ఉంది. పై వరస కండలకి నాలుగైదు మెట్ల నుంచి నరాలు వస్తాయి. నాలుగు కాలువల నీళ్ళు పారే చేను లాంటివవి, ఒకటి పూడినా మిగతావి ఆదుకుంటాయి. మల్టిఫిడస్‌లో ఒక్కో పాయకి మాత్రం ఆ పూస దగ్గర బయల్దేరే ఒకే ఒక్క సన్నటి నరం కొమ్మ ఆధారం. అది దెబ్బతింటే ఆ మడి ఎండినట్టే.

నరం తెగక్కర్లేదు, నొప్పి వచ్చినా చాలు. ఆస్ట్రేలియాలో క్వీన్స్‌లాండ్‌కి చెందిన ఫిజియోథెరపీ పరిశోధకురాలు జూలీ హైడ్స్, ఆవిడ సహచరులు 1994లో కొత్తగా నడుంనొప్పి వచ్చినవాళ్ళ కండల్ని అల్ట్రాసౌండ్‌తో కొలిచారు. ఏ పక్క నొప్పి ఉందో ఆ పక్కన, ఆ మెట్టు దగ్గరే మల్టిఫిడస్ సన్నబడి కనిపించింది. 1996లో చెప్పిన సంగతి ఇంకా ముఖ్యం. కొన్ని వారాలకి నొప్పి పోయింది, మనిషి పనిలో పడింది, కండ మాత్రం దానంతటది తిరిగి లావు కాలేదు. ఆ కండ కోసమే ప్రత్యేకంగా వ్యాయామం చేసినవాళ్ళలో తిరిగి వచ్చింది. ఏడాది లోపల నొప్పి మళ్ళీ తిరగబెట్టింది వ్యాయామం చేసినవాళ్ళలో నూటికి 30 మందికి, చేయనివాళ్ళలో నూటికి 84 మందికి. ఆ అధ్యయనంలో ఉన్నది నలభై మంది లోపే కాబట్టి ఈ అంకెల్ని పట్టుకుని ఊగిపోనక్కర్లేదు. “నొప్పి పోయిందిగా, ఇక దేనికి?” అని వ్యాయామం ఆపేసే మన అలవాటుకి మాత్రం ఇది సరైన జవాబు.

కాళ్ళతో పుట్టినవాళ్ళ చేత నడుం తన్నించుకోవడం మన పల్లెల్లో ఇంకా ఉంది. మామూలు బెణుకైతే తన్నినా తన్నకపోయినా వారం పది రోజుల్లో సర్దుకుంటుంది, పేరు మాత్రం కాలికి వస్తుంది. కాల్లో తిమ్మిరి ఉన్నవాళ్ళు, ముట్లుడిగి ఎముకలు గుల్లబారిన పెద్దావిడలు మాత్రం ఆ పని చేయించుకోవద్దు. పూస నలిగిపోయే ప్రమాదం ఉంది.

పూర్తిగా వంగినప్పుడు ఏమవుతుంది?

నాటు వేసేటప్పుడు నడుం దగ్గర రెండుగా మడిచినట్టు వంగుతారు కదా, అప్పుడు వీపు కండలు విపరీతంగా కష్టపడుతున్నాయని అనుకుంటాం. విచిత్రం ఏమిటంటే, పూర్తిగా వంగాక ఆ పెద్ద కండలు చాలామందిలో పని ఆపేసి ఊరుకుంటాయి. 1955లో ఇంగ్లండులో ఫ్లాయిడ్, సిల్వర్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు కండలకి విద్యుత్ తీగలు పెట్టి ఇది గమనించారు. మరి ఒంటి బరువంతా ఎవరు మోస్తున్నట్టు? పూసల్ని కలిపి ఉంచే లిగమెంట్లు, డిస్కు వెనక గోడ.

లిగమెంటు చూడిదార్ బొందులో ఎలాస్టిక్ లాంటిది. లాగి ఉంచితే సాగుతుంది, వదలగానే పూర్తిగా వెనక్కి రాదు. ఇరవై నిమిషాలు వంగి కూర్చున్నవాళ్ళని కెనడాలో 1992లో పరీక్షిస్తే, లేచిన రెండు నిమిషాలకి నడుం బిగువు సగమే తిరిగి వచ్చింది. అరగంట తర్వాత కూడా కొంత వదులు మిగిలే ఉంది. అంటే మిరపచేలో గంటసేపు వంగి కోసి, లేచిన మరుక్షణం బస్తా ఎత్తి నెత్తిన పెట్టుకుంటే, పిన్నులన్నీ వదులైన వేళ చీర పట్టి లాగినట్టే. డిస్కు జారడానికి అంతకన్నా అనువైన వేళ ఉండదు.

దీనికి మందు ఏదీ కొనక్కర్లేదు. సాలు చివర నిలబడి, రెండు చేతులూ నడుం మీద పెట్టి, నాలుగైదుసార్లు మెల్లగా వెనక్కి వాలండి. మూట ఎత్తే ముందు ఒకటి రెండు నిమిషాలు అటూ ఇటూ నడవండి. ఇంట్లో తడిగుడ్డ పెట్టాక బిందె ఎత్తబోయేటప్పుడూ అంతే. ముఠామేస్త్రి గొణిగితే గొణగనివ్వండి!

ఆ ఇంజెక్షన్ పాపం కాదు

“సిజేరియన్‌కి వెన్నులో సూది వేశారు, అప్పట్నుంచే ఈ నొప్పి.” ఈ మాట అనని ఇల్లు తెలంగాణలో అరుదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో ప్రసవాల్లో నూటికి 60.7 సిజేరియన్లే, దేశంలోకెల్లా ఎక్కువ. కాబట్టి ఈ అనుమానం కూడా అంతమందికీ ఉంటుంది.

సూది వెళ్ళే దారి చూడండి. సాధారణంగా మూడో పూసకీ నాలుగో పూసకీ మధ్య సందులో, నట్టనడుమ గుచ్చుతారు. వెన్నుపాము అంతకు పైనే, ఒకటి రెండు పూసల దగ్గరే ముగిసిపోతుంది. నడిమధ్యలో ఉన్నవి చర్మం, కొంచెం కొవ్వు, లిగమెంట్లు. కండలు ఆ గీతకి రెండు పక్కలా ఉంటాయి. సన్నటి సూది పోయిన చోట నాలుగు రోజులు సలపొచ్చు. ఏళ్ళ తరబడి నొప్పికి అది కారణం అనడానికి ఆధారం దొరకలేదు. ప్రసవ సమయంలో వెన్నులో మత్తు తీసుకున్నవాళ్ళనీ తీసుకోనివాళ్ళనీ పోల్చి చూసిన అధ్యయనాల్లో దీర్ఘకాలపు నొప్పిలో తేడా కనిపించలేదు.

మరి నొప్పి ఎక్కడిది? తొమ్మిది నెలలు పొట్ట కండలు సాగిపోయాయి. వీపు మీది ఆ తెల్ల పొరని ముందు నుంచి బిగించేది పొట్ట కండే. అది వదులైంది. దానికి తోడు బిడ్డకి పాలివ్వడానికి రోజుకి పదిసార్లు గూనిగా కూర్చోవడం, నిద్ర లేకపోవడం, మూడో నెలకే బిందెలెత్తడం. పాపం సూదిది కాదు, ఎవరూ పట్టించుకోని బాలింతతనానిది. అలాగే తెల్లబట్ట అయితే ఎముకలు కరిగి నడుంనొప్పి వస్తుందన్నదీ అపోహే. తెల్లబట్టతో వాసన, దురద, పొత్తికడుపు నొప్పి ఉంటే గర్భసంచి ఇన్‌ఫెక్షన్‌కి చూపించుకోండి, అంతేగానీ బలం టానిక్కులు తాగుతూ కూర్చోవద్దు.

ఎప్పుడు ఆగాలి, ఎప్పుడు పరుగెత్తాలి?

స్కాన్‌లో “డిస్క్ బల్జ్” అని చూడగానే గుండె జారిపోతుంది. 1994లో అమెరికాలో నడుంనొప్పే లేని 98 మందికి ఎమ్మారై తీశారు. అందులో నూటికి 52 మందికి ఏదో ఒక డిస్కు ఉబ్బే ఉంది! కాబట్టి ఆపరేషన్ ఫిల్ముకి కాదు, మనిషికి చేయాలి. డిస్కు జారి కాలు లాగేవాళ్ళలో ఎక్కువమందికి ఆరు నుంచి పన్నెండు వారాల్లో మందులతో, కదలికతో తగ్గుతుంది. జారిన ముక్కని శరీరమే కొంత కరిగించేసుకుంటుంది. ఆ వారాలు మంచానికి అతుక్కుపోవద్దు. ఒకటి రెండు రోజులకి మించి పడక వేస్తే కండ ఇంకా చిక్కిపోతుంది.

ఆగకూడని సందర్భాలు మాత్రం గోడ మీద రాసి పెట్టుకోండి. మూత్రం రాకుండా బిగిసిపోయినా, తెలియకుండా పోతున్నా, తొడల మధ్య, మలద్వారం చుట్టూ స్పర్శ తెలియకపోయినా, రెండు కాళ్ళూ పట్టు తప్పుతున్నా అది అత్యవసరం. తెల్లారేదాకా కూడా చూడకూడదు. వెన్నుపాము చివర గుర్రపుతోకలా విడిపోయే నరాలన్నీ ఒక్కసారి నలుగుతున్నాయని గుర్తు. ఆలస్యమైతే జీవితాంతం మూత్రం గొట్టంతోనే బతకాల్సి రావచ్చు. పాదం పైకెత్తలేక చెప్పు జారిపోతున్నా త్వరగా చూపించాలి. రాత్రిపూట నొప్పి, సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం కలిసి ఉంటే వెన్నుకి క్షయ అయ్యుండొచ్చు. దానికి ప్రభుత్వాసుపత్రుల్లో మందులు ఉచితం, చాలామందికి మందులతోనే తగ్గిపోతుంది.

కత్తి ఏ దారిన వెళ్తుంది?

జారిన డిస్కు ముక్క నరాన్ని నొక్కుతోంది. దాన్ని తీసేయాలి. అది ఎముక ముందు వైపున ఉంది, సర్జన్ వెనక నుంచి వస్తాడు. మధ్యలో అడ్డం ఎవరు? మల్టిఫిడసే.

అమెరికాలో మిక్స్‌టర్, బార్ అనే డాక్టర్లు 1934లో డిస్కు ఆపరేషన్ గురించి లోకానికి చెప్పిన నాటి నుంచి పాత దారి ఒకటే. నడుమ గీత మీద కోసి, ముల్లు నుంచి కండని గీకి పక్కకి లాగి, రిట్రాక్టర్ అనే కొక్కేలతో తెరిచి పట్టుకోవడం. ఆపరేషన్ సాగినంతసేపూ ఆ కండ ఇనుము కింద నలుగుతుంది, రక్తం సరిగ్గా అందదు. ఎక్కువ పూసల దాకా తెరవాల్సి వస్తే సన్నటి నరం కొమ్మ కూడా దెబ్బతినొచ్చు. 1990లలో జపాన్‌లో కవాగుచి బృందం ఎంత గట్టిగా, ఎంతసేపు లాగి పట్టుకుంటే కండకి అంత నష్టమని చూపించింది. అందుకే ఆపరేషన్ మధ్యలో రిట్రాక్టర్‌ని అప్పుడప్పుడు వదులు చేసే పద్ధతి ఉంది. ఫిన్లండులో 1993లో ఇంకో సంగతి తేలింది. డిస్కు ఆపరేషన్ అయిన ఐదేళ్ళకి కండ ముక్క తీసి చూస్తే, బాగా కోలుకున్నవాళ్ళలో మల్టిఫిడస్ కూడా కోలుకుంది. కోలుకోనివాళ్ళలో కండ చెడిపోయే ఉంది.

కాలు లాగడం పోయింది గానీ నడుం మాత్రం తనది కాదన్నట్టు ఉందని ఆపరేషన్ తర్వాత కొందరు ఎందుకంటారో ఇప్పుడు తెలిసింది కదా. నరం మీద బరువు తీయడం సర్జన్ పని. అది జరిగింది. పిన్నులు మాత్రం ఊడిపోయాయి.

సర్జన్లు దీన్ని పట్టించుకోకుండా లేరు. కాలిఫోర్నియా డాక్టరు లియాన్ విల్ట్సే 1968లో పక్కదారి ఒకటి చూపించాడు. మల్టిఫిడస్‌కీ లాంజిసిమస్‌కీ మధ్య సహజంగానే సందు ఉంటుంది. పనస తొనల్ని విడదీసినట్టు ఆ సందులో నుంచి వెళ్తే కండని ఎముక నుంచి గీకక్కర్లేదు. 1977 నుంచి మైక్రోస్కోపు వచ్చి కోత చిన్నదైంది. 1997లో మెంఫిస్‌కి చెందిన ఫోలీ, స్మిత్ వేలెడంత గొట్టం గుండా, కండ పోగుల్ని పక్కకి జరుపుతూ చేసే పద్ధతి ప్రకటించారు. నొప్పి తక్కువ, ఇంటికి త్వరగా రావచ్చు. అలాగని “చిన్న కోత” అన్న ప్రకటన చూసి పరుగెత్తకండి. కాలినొప్పి తగ్గడంలో మామూలు మైక్రోస్కోపు ఆపరేషన్‌కీ దీనికీ పెద్ద తేడా లేదని తేలింది. ఏ దారిలో చెయ్యి తిరిగిన డాక్టరుకి ఆ దారే మంచిది. పూస జారి స్క్రూలు వేయాల్సి వస్తే పెద్ద కోత తప్పకపోవచ్చు కూడా.

ఈ ప్రాంతం వాళ్ళకి వెన్ను ఆపరేషన్ అంటే ఖమ్మమో, వరంగల్లో, దాదాపు 300 కిలోమీటర్ల దూరాన హైదరాబాదో. అంత దూరం వెళ్ళినప్పుడు నోరు కట్టుకుని రావద్దు. “ఏ పక్కనుంచి వెళ్తారు, కండని ఎంత మేర తీస్తారు, ఎమ్మారైలో నా కండ ఎలా ఉంది?” అని అడగండి. ఫిల్ములో కండ నల్లగా ఉండి, మధ్యలో తెల్ల చారలు బాగా కనిపిస్తే కండ పోయి కొవ్వు చేరిందని. అలాంటివాళ్ళు ఆపరేషన్‌కి ముందే వ్యాయామం మొదలుపెడితే మంచిది. ఖర్చు సంగతికొస్తే, 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ పరిమితిని తెలంగాణలో 2023 డిసెంబరులో 10 లక్షలకి పెంచారు. మీ ఆపరేషన్‌కి వర్తిస్తుందో లేదో ఆస్పత్రిలో ఉండే ఆరోగ్యమిత్రని ముందే కనుక్కోండి.

ఇంటికి వచ్చాక

మామూలు డిస్కు ఆపరేషన్ అయితే మర్నాటికల్లా నడిపిస్తారు. భయపడకండి, నడకే మొదటి మందు. సుమారు ఆరు వారాలు వంగి బరువులెత్తడం, మెలి తిరగడం ఉండకూడదు. కత్తిపీట ముందు కూర్చునే బదులు గట్టు మీద చాకుతో తరుక్కోండి. బెల్టు డాక్టరు చెప్పినన్నాళ్ళే. ఏళ్ళ తరబడి కట్టుకుంటే కండకి పనే లేకుండా పోతుంది.

డాక్టరు సరేనన్నాక కండని లేపే పని మొదలు. వెల్లకిలా పడుకుని, మోకాళ్ళు ముడిచి, ఊపిరి బిగపట్టకుండా బొడ్డు కింది భాగాన్ని మెల్లగా లోపలికి తీసుకోండి. బిగువు జీన్స్ గుండీ పెట్టుకునేటప్పుడు లాక్కున్నంత గట్టిగా వద్దు, అందులో పావు వంతు చాలు. పది లెక్కపెట్టి వదలండి, పదిసార్లు. ఇది అలవాటయ్యాక, పసిపిల్లలు పాకినట్టు చేతులు, మోకాళ్ళ మీద ఉండి, కుడి చేయి ముందుకీ ఎడమ కాలు వెనక్కీ చాపండి. నడుం మీద నీళ్ళ గ్లాసు పెడితే ఒలకనంత నిలకడగా ఉండాలి. తర్వాత రెండో పక్క. ఫిజియోథెరపిస్టు ఒక్కసారి దగ్గరుండి చూపిస్తే తర్వాత ఇంట్లో చాప మీదే చేసుకోవచ్చు. మూడు నెలలు మానకుండా చేయాలి. కాలు మళ్ళీ లాగినా, తిమ్మిరెక్కినా ఆపి డాక్టరుకి చెప్పండి.

ఇంకొక్క మాట. “ఏం పని చేస్తారమ్మా?” అని డాక్టరు అడిగితే “ఏముందండీ, ఇంటిపనే” అంటారు మనవాళ్ళు. ఆయన “తేలిక పనులు చేసుకోవచ్చు” అని రాసి పంపిస్తారు. అలా అనకండి. బోరింగ్ దగ్గర్నుంచి రోజుకి ఎన్ని బిందెలు మోస్తారో, మిరపచేలో ఎన్ని గంటలు వంగుతారో, తునికాకు మూట ఎంత బరువుంటుందో, చంకలో పిల్లలున్నారో లేదో అన్నీ విడమర్చి చెప్పండి. కూలికి మళ్ళీ ఏ నెలలో పోవచ్చో ఆ లెక్క మీద చెప్పమనండి. ఇంటాయన్ని కూడా పక్కనే కూర్చోబెట్టుకోండి. ఆ మూడు నెలలూ బిందె ఎవరు మోయాలో ఆయన కూడా వింటారు.